మానవ అక్రమ రవాణా బాధితుల రక్షణ: అమెరికా రాష్ట్రాల చట్టాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో మానవ అక్రమ రవాణాకు చిక్కినవారికి రక్షణ, ఆశ్రయం, పరిహారం, న్యాయసహాయం కల్పించేందుకు ఆయా రాష్ట్రాల శాసనసభలు చేసిన చట్టాలను ఈ వ్యాసం వివరిస్తుంది. 2000లో ఫెడరల్ చట్టం వచ్చాక ఊపందుకున్న ఈ ప్రక్రియ 2013 నాటికి 50 రాష్ట్రాలకూ విస్తరించింది. అయితే ఆ ఏడాదికి అన్ని రాష్ట్రాల్లోనూ ఉమ్మడిగా ఉన్నది నేరాన్ని శిక్షించే చట్టం మాత్రమే. బాధితులను ఆదుకునే నిబంధనలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరుగా, ఒక్కో కాలంలో వచ్చాయి. ఒకే వయసులో, ఒకే పరిస్థితిలో ఉన్న ఇద్దరు అమ్మాయిల్లో ఒకరిని ఒక రాష్ట్రం బాధితురాలిగా ఆదరిస్తే, మరొకరిని ఇంకో రాష్ట్రం ముద్దాయిగా నిలబెట్టే అవకాశం అందువల్లనే ఏర్పడింది.

నిర్వచనం, పరిధి

అమెరికా చట్టాల ప్రకారం ఈ నేరం జరగడానికి మనిషిని సరిహద్దు దాటించనక్కర్లేదు, ఊరు కూడా దాటించనక్కర్లేదు. బలప్రయోగం, మోసం, బెదిరింపు అనే మూడింటిలో ఏదో ఒక దానితో ఒకరిని లొంగదీసి చాకిరీ గానీ, డబ్బు కోసం లైంగిక కార్యకలాపం గానీ చేయిస్తే చాలు. పాస్‌పోర్టు లాక్కోవడం, ఎంత పనిచేసినా తీరని అప్పు చూపించడం, పోలీసులకు చెబితే దేశం నుంచి వెళ్లగొడతారని భయపెట్టడం ఇందులోకే వస్తాయి. 18 ఏళ్లలోపు పిల్లలను లైంగిక దోపిడీకి గురిచేసిన సందర్భంలో ఫెడరల్ చట్టం ఈ మూడింటిలో ఏదీ రుజువు చేయమని అడగదు. చాలా రాష్ట్రాలు కూడా ఇదే పద్ధతి పాటిస్తున్నాయి.

డబ్బు తీసుకుని మనుషులను దొంగచాటుగా సరిహద్దు దాటించడం వేరే నేరం. అక్కడ దాటినవారి సమ్మతి ఉంటుంది, సరిహద్దు దాటగానే దళారితో సంబంధం తెగిపోతుంది. అలా దాటినవారే తర్వాత అప్పు పేరుతో వెట్టికి చిక్కితే మాత్రం అక్రమ రవాణా బాధితులవుతారు. పోలీసులు తొలిరోజున ఈ రెండింటినీ విడదీయలేకపోవడం వల్లనే చాలామంది సాయానికి దూరమవుతారు.

రాష్ట్రాల చట్టాల్లో నేరస్థులను శిక్షించే భాగం, నేరాన్ని ముందే అడ్డుకునే భాగం, బాధితులను కాపాడే భాగం ఉంటాయి. ఈ వ్యాసం ప్రధానంగా మూడో భాగానికి సంబంధించినది.

ఫెడరల్ చట్టం, రాష్ట్రాల అధికారం

భారతదేశమంతటికీ భారతీయ న్యాయ సంహిత ఒక్కటే. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ తనదైన శిక్షాస్మృతి, తనదైన కోర్టులు, తనదైన బాలల సంక్షేమ వ్యవస్థ ఉన్నాయి. వ్యభిచారం, చిల్లర దొంగతనం, దొంగ గుర్తింపు పత్రాలు వంటి కేసులు రాష్ట్ర చట్టం కిందికి వస్తాయి. అక్రమ రవాణా బాధితులు పట్టుబడేది ఎక్కువగా ఈ కేసుల్లోనే. అందువల్ల ఫెడరల్ చట్టం ఎంత ఉదారంగా ఉన్నా, అరెస్టు చేసే స్థానిక పోలీసు, కేసు నడిపే కౌంటీ ప్రాసిక్యూటర్, తీర్పు చెప్పే జడ్జి రాష్ట్ర చట్టాన్నే చూస్తారు.

ఫెడరల్ ప్రభుత్వం చేతిలో ఉన్న ముఖ్యమైన సాధనం వలస చట్టం. 2000 అక్టోబరు 28న అమల్లోకి వచ్చిన అక్రమ రవాణా బాధితుల రక్షణ చట్టం విదేశీ బాధితులకోసం టీ వీసాను సృష్టించింది. ఏడాదికి 5,000 వీసాల పరిమితి పెట్టినా ఎన్నో ఏళ్లపాటు అందులో కొద్ది భాగమే వినియోగమైంది. అదే చట్టం తీవ్ర నేరాల బాధితులకోసం తెచ్చిన యూ వీసాకు ఏడాదికి 10,000 పరిమితి ఉంది. వీసా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు లేదు. కానీ ఈమె బాధితురాలే, దర్యాప్తుకు సహకరిస్తోంది అని ధ్రువపత్రం ఇవ్వగలిగేది తరచూ స్థానిక పోలీసులే. కాలిఫోర్నియా దీన్ని గమనించి, బాధితురాలు ఎదురైన 15 పనిదినాల్లోగా పోలీసులు ధ్రువపత్రం పూర్తిచేయాలని చట్టంలో రాసింది.

చరిత్ర

బానిసత్వాన్ని, నిర్బంధ చాకిరీని నిషేధించిన 13వ రాజ్యాంగ సవరణ 1865 నాటిది. స్త్రీలను అనైతిక ప్రయోజనాలకు రాష్ట్రాల సరిహద్దు దాటించడాన్ని నేరం చేసిన మాన్ చట్టం 1910లో వచ్చింది. ఈ రెండింటిలోనూ బాధితుల పునరావాసం ఊసు లేదు. 20వ శతాబ్దం చివరి వరకు బాధితులు కోర్టుకు సాక్షులుగానో, వలస శాఖకు అక్రమ ప్రవేశకులుగానో మాత్రమే కనిపించారు.

పాత చట్టాల లోటు ఎంతటిదో చూపిన కేసుల్లో ఒకటి తెలుగువారికి సంబంధించినది. 1999 నవంబరు 24న కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరంలో ఒక అపార్టుమెంటులో హీటరు గొట్టం మూసుకుపోయి కార్బన్ మోనాక్సైడ్ వ్యాపించడంతో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆ ఇంటి యజమాని లకిరెడ్డి బాలిరెడ్డి. వెల్వడంలో పుట్టి, బర్క్‌లీలో వెయ్యికి పైగా అద్దె ఇళ్లకు యజమాని అయిన వ్యక్తి. మైలవరంలో ఆయన పేరుతో ఉన్న ఇంజినీరింగ్ కళాశాల వల్ల ఆ పేరు తెలుగునాటా పరిచితమే. ఇంత చిన్న వయసు అమ్మాయిలు బడికి ఎందుకు వెళ్లడం లేదని ఆరా తీసి, వెట్టిచాకిరీ కోణాన్ని ముందుగా రాసింది బర్క్‌లీ హైస్కూలు విద్యార్థుల పత్రిక. దొంగ బంధుత్వాలు, దొంగ వీసాలతో ఊరి నుంచి అమ్మాయిలను, కూలీలను తెచ్చినట్లు దర్యాప్తులో తేలింది. 2001లో ఆయన నేరం ఒప్పుకున్నాడు. ఎనిమిదేళ్లకు పైగా జైలుశిక్ష పడింది, బాధితులకు 20 లక్షల డాలర్లు చెల్లించాలని కోర్టు ఆదేశించింది. అయితే ఆయన మీద నిలిచిన అభియోగాలు మైనర్లను లైంగిక ప్రయోజనానికి తరలించడం, వలస మోసానికి కుట్ర, తప్పుడు పన్ను లెక్కలు. అక్రమ రవాణా అనే నేరం ఆ జాబితాలో లేదు. ఫెడరల్ చట్టం ఆ ఘటనల తర్వాత వచ్చింది, కాలిఫోర్నియాకు అప్పటికి అలాంటి చట్టమే లేదు.

రాష్ట్రాల్లో మొదట కదిలింది వాషింగ్టన్. 2003లో మానవ అక్రమ రవాణాను ప్రత్యేక నేరంగా ప్రకటించింది. టెక్సస్ కూడా అదే ఏడాది చట్టం చేసింది. కాలిఫోర్నియా 2005లో ఆమోదించిన చట్టం 2006 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. శిక్షతోపాటు బాధితులు సొంతంగా దావా వేసే హక్కును, తమకు సాయపడే కేస్‌వర్కర్‌తో మాట్లాడిన మాటలకు గోప్యతను కూడా ఆ చట్టంలోనే చేర్చారు. న్యూయార్క్ చట్టం 2007 నవంబరులో అమలైంది. చివరగా 2013లో వ్యోమింగ్ చేరింది. అదే ఏడాది, రాష్ట్రాలకు నమూనా చట్టాలు రాసిచ్చే యూనిఫాం లా కమిషన్ ఈ విషయంలోనూ ఒక నమూనా చట్టాన్ని విడుదల చేసింది. మైనర్లకు వ్యభిచార కేసు నుంచి మినహాయింపు, పాత శిక్షల రద్దు, పరిహారం అన్నీ అందులో ఉన్నాయి. రాష్ట్రాలు దాన్ని మొత్తంగా తీసుకోకుండా తమకు నచ్చిన భాగాలను ఎంచుకున్నాయి.

2012 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు 81 శాతం ఆమోదంతో గెలిపించిన 35వ ప్రతిపాదన వేరే బాట పట్టింది. జైలుశిక్షలను బాగా పెంచి, జరిమానాను 15 లక్షల డాలర్ల వరకు తీసుకెళ్లింది. జరిమానా సొమ్ములో 70 శాతం బాధితుల సేవలకు, మిగిలింది పోలీసు వ్యవస్థకు వెళ్లాలని చెప్పింది. వినడానికి బాగున్నా, నేరస్థుడు చెల్లిస్తేనే ఆ నిధి ఉంటుంది.

మైనర్లకు మినహాయింపు: సేఫ్ హార్బర్ చట్టాలు

ఈ రంగంలో ఎక్కువ చర్చ జరిగింది, వ్యభిచార కేసుల్లో పట్టుబడిన మైనర్లను నేరస్థులుగా కాక బాధితులుగా చూసే సేఫ్ హార్బర్ చట్టాల మీదే. 16 ఏళ్లలోపు అమ్మాయి లైంగిక చర్యకు సమ్మతి ఇవ్వజాలదని చెప్పే రాష్ట్రమే, ఆమె చేతిలో డబ్బు పెట్టినప్పుడు ఆమెను వ్యభిచార నేరం కింద అరెస్టు చేసేది. ఈ వైరుధ్యాన్ని 2010 జూన్‌లో టెక్సస్ సుప్రీంకోర్టు సూటిగా ఎదుర్కొంది. 13 ఏళ్ల బాలిక మీద పెట్టిన కేసులో, చట్టరీత్యా సమ్మతి ఇవ్వలేని వయసు పిల్ల వ్యభిచార నేరం చేసిందనడం కుదరదని తీర్పు చెప్పింది. అయితే ఆ తర్కం 14 ఏళ్లలోపు వారికే పరిమితమైంది.

శాసనం ద్వారా ఆ పని మొదట చేసింది న్యూయార్క్. 2008లో ఆమోదం పొంది 2010 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన సేఫ్ హార్బర్ చట్టం, వ్యభిచార కేసులో పట్టుబడిన పిల్లను బాలనేరస్థురాలిగా కాక పర్యవేక్షణ అవసరమైన బాలికగా చూడాలంది. తొలినాటి ఈ చట్టంలో రెండు పెద్ద లొసుగులు ఉన్నాయి. న్యూయార్క్‌లో అప్పట్లో 16 ఏళ్లు నిండినవారు పెద్దల క్రిమినల్ కోర్టుకు వెళ్లేవారు కాబట్టి 16, 17 ఏళ్ల అమ్మాయిలకు ఈ రక్షణ అందలేదు. వారిని తర్వాతి సవరణతో చేర్చారు. రెండోది, అమ్మాయి సేవా కార్యక్రమాలకు సహకరించకపోతే జడ్జి కేసును మళ్లీ బాలనేరంగా మార్చవచ్చు. బాధితురాలన్న గుర్తింపు ఆమె నడవడి మీద ఆధారపడిందన్నమాట.

ఇల్లినాయ్ 2010లో ఇంకా ముందుకెళ్లింది. 18 ఏళ్లలోపు ఎవరి మీదా వ్యభిచార కేసు పెట్టకూడదని నిషేధించి, పోలీసులు బాలల సంక్షేమ శాఖకు కబురు చేయాలని, ఆ శాఖ 24 గంటల్లో విచారణ మొదలుపెట్టాలని ఆదేశించింది. 2011లో టెనెసీ కూడా మైనర్లకు పూర్తి మినహాయింపు ఇచ్చింది. కానీ అక్కడ పోలీసు చేయవలసిందల్లా అక్రమ రవాణా బాధితుల జాతీయ హాట్‌లైన్ నంబరు చేతికిచ్చి పిల్లను తల్లిదండ్రులకో సంరక్షకులకో అప్పగించడం. ఇంటి నుంచే పారిపోయిన పిల్లల సంగతి, సొంతవారే అమ్మిన పిల్లల సంగతి ఆ నిబంధనకు పట్టలేదన్న విమర్శ వచ్చింది.

పై రెండింటికంటే మిన్నెసోటా నమూనాకు ఎక్కువ పేరు వచ్చింది. అక్కడి చట్టం 2011లోనే ఆమోదం పొందినా 2014 ఆగస్టు 1 వరకు పూర్తిగా అమలు కాలేదు. మధ్యలో ఉన్న మూడేళ్లను ఆశ్రయ గృహాలు, సిబ్బంది, నిధులు సమకూర్చడానికి వాడుకున్నారు. ఏ తలుపు తట్టినా సాయం అందాలన్న సూత్రంతో, ఆరోగ్యశాఖలో ఒక రాష్ట్ర డైరెక్టరును, ప్రాంతాలవారీగా పిల్లలను సేవలకు చేర్చే నావిగేటర్లను నియమించారు. బడి టీచరైనా ఆసుపత్రి నర్సైనా పోలీసైనా ఒక్క ఫోనుతో ఆ నావిగేటరును పట్టుకోవచ్చు. 2016లో సేవల వయోపరిమితిని 24 ఏళ్లకు పెంచారు. కేసు పెట్టకపోవడం వేరు, ఆదుకోవడం వేరు అన్న తేడాను శాసనంలోనే గుర్తించిన రాష్ట్రంగా మిన్నెసోటాను చెప్పవచ్చు.

ఫ్లోరిడా సేఫ్ హార్బర్ చట్టం 2013 జనవరి నుంచి అమలైంది. లైంగిక దోపిడీకి గురైన పిల్లలకోసం ప్రత్యేక సేఫ్ హౌస్‌లను అది ఏర్పరచింది. కాలిఫోర్నియా 2014లో ఇలాంటి పిల్లలను బాలల సంక్షేమ కోర్టు పరిధిలోకి తెచ్చి, 2017 జనవరి 1 నుంచి మైనర్ల మీద వ్యభిచార కేసులను ఆపేసింది. ప్రాణానికో ఆరోగ్యానికో తక్షణ ముప్పు ఉంటే పోలీసులు తాత్కాలికంగా అదుపులోకి తీసుకునే వీలు మాత్రం ఉంచింది.

శిక్షల రద్దు, రికార్డుల తొలగింపు

చెర నుంచి బయటపడినవారిని ఏళ్ల తరబడి వెంటాడేది పాత కేసుల చిట్టా. అమెరికాలో ఇల్లు అద్దెకివ్వాలన్నా, నర్సింగ్ లైసెన్సు ఇవ్వాలన్నా, పిల్లల కస్టడీ తేల్చాలన్నా ముందుగా నేరచరిత్ర చూస్తారు. బలవంతంగా చేయించిన పనికి పడిన శిక్షను తర్వాత రద్దు చేయించుకునే హక్కును 2010లో న్యూయార్క్ మొదటిసారి కల్పించింది. అప్పట్లో అది వ్యభిచారానికి సంబంధించిన కేసులకే పరిమితం. దోపిడీదారు బాధితులతో వ్యభిచారమొక్కటే చేయించడు. మాదకద్రవ్యాలు మోయిస్తాడు, దుకాణాల్లో దొంగతనం చేయిస్తాడు, దొంగ కార్డులు వాడిస్తాడు. ఈ వాస్తవాన్ని ఒప్పుకుని న్యూయార్క్ 2021 నవంబరులో స్టార్ట్ చట్టంతో అన్ని రకాల నేరాలకూ ఈ హక్కును విస్తరించింది. ఫ్లోరిడా 2013లోనే, కొన్ని తీవ్ర నేరాలను మినహాయించి, విస్తృతమైన రికార్డు తొలగింపును అనుమతించింది.

రికార్డును దాచిపెట్టడం, తొలగించడం, శిక్షనే రద్దు చేయడం ఒకటి కావు. వలసదారులకు ఈ తేడా అత్యంత కీలకం. మంచి నడవడి చూసి రాష్ట్రం కరుణతో తొలగించిన శిక్షను ఫెడరల్ వలస చట్టం ఇంకా శిక్షగానే లెక్కిస్తుంది. తీర్పులోనే న్యాయపరమైన లోపం ఉందని రద్దు చేస్తేనే వదిలేస్తుంది. కాలిఫోర్నియా చట్టం ఈ చిక్కును ముందే ఊహించింది. అర్జీదారుకు నేరం చేసే ఉద్దేశం లేదని, కాబట్టి ఆ శిక్ష మొదటి నుంచీ చెల్లదని కోర్టు రాయాలని చెప్పింది. అయితే అది అహింసాత్మక నేరాలకే వర్తిస్తుంది, రుజువు స్థాయి కూడా మామూలు సివిల్ కేసుకంటే ఎక్కువ.

విచారణలో రక్షణ వాదన

శిక్ష పడ్డాక రద్దు చేయించుకోవడంకంటే, విచారణ సమయంలోనే తాను బాధితుడినని చెప్పి బయటపడే మార్గం మేలు. కాలిఫోర్నియాలో 2017 నుంచి ఇది ఉంది. తనపై సాగిన అక్రమ రవాణా ఒత్తిడి వల్లే నేరం చేశానని, హాని జరుగుతుందన్న సహేతుకమైన భయం ఉందని నిందితుడు నిరూపించాలి. తీవ్రమైన, హింసాత్మక నేరాలకు ఇది చెల్లదు.

విస్కాన్సిన్ చట్టంలో అలాంటి మినహాయింపు రాయలేదు. కెనోషా కౌంటీలో, తనను లైంగికంగా దోపిడీ చేసినవాడిని చంపిందన్న ఆరోపణ ఎదుర్కొన్న యువతి కేసులో, ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2022 జూలైలో 4-3 ఆధిక్యంతో ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. అక్రమ రవాణాకూ చేసిన నేరానికీ తార్కికమైన కార్యకారణ సంబంధం చూపగలిగితే హత్యానేరానికి కూడా ఈ వాదన పూర్తి రక్షణగా నిలుస్తుందని చెప్పింది. ఆ వాదన జ్యూరీ ముందుకు రాకుండానే కేసు ముగిసింది. 2024లో ఆమె తగ్గించిన అభియోగానికి నేరం ఒప్పుకుంది, 11 ఏళ్ల జైలుశిక్ష పడింది.

ప్రత్యేక కోర్టులు

న్యూయార్క్ ప్రధాన న్యాయమూర్తి జోనథన్ లిప్‌మన్ 2013లో రాష్ట్రమంతటా ప్రత్యేక కోర్టులను ప్రకటించారు. వ్యభిచార కేసుల్లో వచ్చినవారిని కౌన్సెలింగుకు పంపి, నిర్దేశించిన సిటింగులు పూర్తిచేస్తే కేసు కొట్టేసి రికార్డు మూసేస్తారు. ఇది శాసనసభ చేసిన చట్టం కాదు, న్యాయపాలనలో చేసిన ఏర్పాటు. సాయం పొందడానికి ముందు చేతికి సంకెళ్లు పడాలా అన్న ప్రశ్న ఈ కోర్టులను మొదటి నుంచీ వెంటాడింది.

పరిహారం, సివిల్ దావా

బాధితులకు డబ్బు మూడు దారుల్లో రావచ్చు. నేరస్థుడు చెల్లించాలని క్రిమినల్ కోర్టు ఆదేశించే పరిహారం మొదటిది. వారి చేత చేయించిన పని విలువను, కనీస వేతనాల లెక్కనైనా, ఇందులో కట్టాలని చాలా చట్టాలు చెబుతాయి. రెండోది సివిల్ దావా. కాలిఫోర్నియాలో గెలిచినవారికి వాస్తవ నష్టానికి మూడింతలు లేదా 10,000 డాలర్లు, ఏది ఎక్కువైతే అది ఇవ్వవచ్చు. విడుదలైన ఏడేళ్లలోగా, బాధ జరిగినప్పుడు మైనరైతే 18 నిండాక పదేళ్లలోగా దావా వేయవచ్చు. బర్క్‌లీ కేసు బాధితులు వేసిన దావా కూడా చివరికి పరిహారంతో రాజీకి వచ్చింది.

మూడోది రాష్ట్ర ప్రభుత్వ నేరబాధితుల నిధి. సాధారణంగా ఇది పోలీసు ఫిర్యాదు అడుగుతుంది, అక్రమ రవాణా బాధితులకు లేనిది అదే. ఫిర్యాదు లేదన్న ఒక్క కారణంతో అర్జీ తిరస్కరించకూడదని, కేస్‌వర్కర్ వాంగ్మూలం వంటి ఇతర ఆధారాలు చూడాలని కాలిఫోర్నియా సవరణ తెచ్చింది. జీతపు చీటీ లేని చాకిరీకి కోల్పోయిన ఆదాయాన్ని కనీస వేతనం ప్రకారం లెక్కగట్టి, ఏడాదికి 10,000 డాలర్లకు మించకుండా రెండేళ్ల వరకు ఇచ్చే ఏర్పాటు కూడా తర్వాత వచ్చింది.

విదేశీ బాధితులకు రాష్ట్ర సహాయం

టీ వీసా అర్జీ తేలడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. ఈలోగా తిండి, గది, మందులు ఎవరివ్వాలి? కాలిఫోర్నియా 2006లో చేసిన చట్టం ఈ ఖాళీని రాష్ట్ర సొమ్ముతో పూరించింది. వీసాకు అర్జీ పెట్టినవారికి, పెట్టడానికి సిద్ధమవుతున్నవారికి నగదు సాయం, ఆహార సాయం, వైద్యం, ఉపాధి సేవలు ఇస్తుంది. ఇతర ఆధారం దొరకనప్పుడు బాధితురాలు ప్రమాణం చేసి చెప్పిన మాటే, నమ్మదగినదని కౌంటీ అధికారి భావిస్తే, చాలు. కాగితాలన్నీ యజమాని బీరువాలో ఉండిపోయినవారికి ఈ ఒక్క నిబంధన ఎంత అక్కరకొస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

గోప్యత

కేస్‌వర్కర్‌కు బాధితురాలు చెప్పుకున్న విషయాలను కోర్టులో బయటపెట్టకుండా ఆపే హక్కు కాలిఫోర్నియా సాక్ష్య చట్టంలో ఉంది. వైద్యుడికి, లాయరుకు చెప్పిన మాటలకు ఉండే రక్షణ వంటిదే ఇది. నేరస్థుడి లాయరు ఆ నోట్సు తెప్పించుకోగలిగితే ఏ బాధితురాలూ నోరు విప్పదు. వాషింగ్టన్ 1991లో ప్రారంభించిన చిరునామా గోప్యతా పథకం కింద, అసలు ఇంటి చిరునామా బదులు రాష్ట్ర ప్రభుత్వమే ఒక ప్రత్యామ్నాయ చిరునామా ఇచ్చి ఉత్తరాలు చేరవేస్తుంది. గృహహింస బాధితులకోసం మొదలైన ఇలాంటి పథకాలను పలు రాష్ట్రాలు అక్రమ రవాణా బాధితులకూ వర్తింపజేశాయి.

గుర్తింపు, ప్రచారం

కాలిఫోర్నియాలో బస్టాండ్లు, విమానాశ్రయాలు, ట్రక్కులు ఆగే విశ్రాంతి కేంద్రాలు, ఆసుపత్రుల అత్యవసర విభాగాలు, మసాజ్ కేంద్రాలు, కూలీలను కుదిర్చే ఏజెన్సీలు 2013 ఏప్రిల్ నుంచి హాట్‌లైన్ నంబర్లతో కూడిన ప్రకటన అతికించాలి. అతికించకపోతే మొదటిసారి 500 డాలర్లు, ఆపైన ప్రతిసారీ 1,000 డాలర్ల జరిమానా. ప్రకటన ఇంగ్లిష్‌లో, స్పానిష్‌లో, ఆ కౌంటీలో ఎక్కువగా మాట్లాడే ఇంకొక భాషలో ఉండాలి. 2018 చట్టం ప్రకారం హోటళ్లు తమ సిబ్బందికి కనీసం 20 నిమిషాల శిక్షణ ఇవ్వాలి. గది శుభ్రం చేసే మనిషి కళ్లకు కనిపించేది పోలీసు కళ్లకు కనిపించదన్న అనుభవమే దీనికి ఆధారం.

ఏడాదికి 10 కోట్ల డాలర్లకు పైగా రాబడి ఉన్న చిల్లర వర్తక, తయారీ కంపెనీలు తమ సరుకు వచ్చే గొలుసులో వెట్టిచాకిరీని అరికట్టేందుకు ఏం చేస్తున్నాయో ప్రకటించాలని 2012 నుంచి అమలవుతున్న మరో చట్టం చెబుతుంది. ఏమీ చేయడం లేదని ప్రకటించినా చట్టాన్ని పాటించినట్లే.

అమలు, విమర్శలు

సేఫ్ హార్బర్ చట్టాల మీద పోలీసు వర్గాల అభ్యంతరం ఒకటుంది. అరెస్టు అధికారం పోతే పిల్లను దోపిడీదారు నుంచి ఆ రాత్రికి విడదీసే మార్గం పోతుందని, మర్నాడే ఆమె మళ్లీ అతని దగ్గరికి వెళ్తుందని వారంటారు. ఈ వాదనను తేలిగ్గా కొట్టేయలేం. ఆశ్రయ గృహాలు సిద్ధం కాకుండా కేసులు మాత్రమే ఆపేసిన చోట్ల అది నిజమవుతుంది కూడా. జైలు గదిని ఆశ్రయంగా వాడుకోవడం వల్ల ఆ పిల్ల పోలీసులను శాశ్వతంగా అపనమ్మకంతో చూస్తుందన్నది బాలల హక్కుల పక్షం చెప్పే జవాబు.

18 ఏళ్లు నిండిన మరునాడు రక్షణ ఆగిపోవడం మరో సమస్య. 15 ఏళ్ల వయసు నుంచి దోపిడీకి గురవుతున్న అమ్మాయి 19వ ఏట పట్టుబడితే, బలప్రయోగమో మోసమో బెదిరింపో జరిగిందని తానే రుజువు చేసుకోవాలి. సాయానికి సహకారాన్ని షరతుగా పెట్టడం మీద కూడా విభేదాలున్నాయి. సొంత ఊళ్లో కుటుంబం దళారి గుప్పిట్లో ఉన్నవారు సాక్ష్యం చెప్పడానికి జంకితే, వారిని సహకరించనివారిగా లెక్కించడం న్యాయం కాదని సేవాసంస్థలు వాదిస్తాయి.

ఈ చట్టాల్లో ఎక్కువ భాగం లైంగిక దోపిడీ చుట్టూనే అల్లుకుని ఉన్నాయి. పొలాల్లో, హోటల్ వంటగదుల్లో, ఇళ్లలో, వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో వెట్టికి చిక్కినవారికి సేఫ్ హార్బర్ వంటి ప్రత్యేక వ్యవస్థ చాలా రాష్ట్రాల్లో లేదు. వారి ఫిర్యాదు జీతం బకాయి కేసుగా కార్మిక శాఖలో నమోదై, అక్కడితో ఆగిపోతుంది. కాలిఫోర్నియా ప్రభుత్వ పనితీరును సమీక్షించే స్వతంత్ర సంస్థ లిటిల్ హూవర్ కమిషన్ 2020లో ఈ వెట్టిచాకిరీ మీద ప్రత్యేక నివేదికలు ఇచ్చింది. దాన్ని వెతికి పట్టుకునే బాధ్యతను ఏ రాష్ట్ర శాఖకూ స్పష్టంగా అప్పగించలేదని, కార్మిక తనిఖీ అధికారులకు ఆ అధికారం ఇవ్వాలని సూచించింది.